చదివి వినిపించని రెండు ఇస్పేట్లు

మా ఊరి లైబ్రరీలో బ్రిడ్జి ఆట పుస్తకం వంతెనల పుస్తకాల మధ్య ఉండేది. ఎవరో అట్ట మీది పేరు చూసి దాన్ని ఇంజనీరింగు బీరువాలో పెట్టేశారు. ఒక పక్క కాంక్రీటు గురించి, మరో పక్క రైలు వంతెనల గురించి లావుపాటి పుస్తకాలు. నడుమ ఈ సన్నటి ఎర్ర అట్ట పుస్తకం. నేను దాన్ని తీసుకున్నదీ అదే పొరపాటుతోనే. అప్పుడు నేను అనంతపురంలో ఒక వేబ్రిడ్జి దగ్గర పనిచేసేవాణ్ణి. వేరుశనక్కాయల లారీ ఎక్కితే తూకం చూసి చీటీ రాసివ్వడం నా పని. మా వేబ్రిడ్జి తరచూ మొరాయించేది. ఇందులో మరమ్మతు సంగతి ఏమైనా ఉంటుందేమోనని ఇంటికి తెచ్చుకుని తెరిస్తే లోపలంతా పేకముక్కల బొమ్మలు.

తొంభైలు ముగిసిపోతున్న కాలం అది. వాన సరిగా పడని ఏడు వేబ్రిడ్జికి పని ఉండదు. కాయ పండితేనే కదా లారీలు వచ్చేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు లారీలు ఎక్కితే ఎక్కువ. మిగతా పొద్దంతా బల్ల ముందు కూర్చుని చదువుకునేవాణ్ణి. పదో తరగతితో బడి మానేసిన నాకు వచ్చిన ఇంగ్లీషంతా లైబ్రరీ నిఘంటువు పెట్టిన భిక్షే. ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అడగకపోయినా చెబుతాను. పేకముక్కల పుస్తకమని తెలిశాక తిరిగి ఇచ్చేసి ఉండొచ్చు. కానీ తెచ్చిన పుస్తకం చివరిదాకా చదవకుండా ఇవ్వకూడదని నాకొక నియమం. నాలుగు నెలలు పట్టింది. గడువు తీరినప్పుడల్లా తీసుకెళ్ళి మళ్ళీ ముద్ర వేయించుకునేవాణ్ణి.

ఆట తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. బ్రిడ్జిని నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జత. ముక్కలు పంచాక ముందు వేలంలాగా పాట నడుస్తుంది. ఫలానా రంగు తురుఫుగా ఇన్ని పట్లు, అంటే నలుగురూ తలా ఒక ముక్క వేసే చుట్లు ఇన్ని, గెలుస్తామని ఒకరి మీద ఒకరు పాడతారు. పాట ముగిశాకే ముక్కలు వేయడం. ఈ పాటలోనే ఉంది అసలు రుచి. నా చేతిలో ఏముందో నా జతగాడికి నోటితో చెప్పకూడదు, కళ్ళతో సైగ చేయకూడదు. నేను పాడిన పాటను బట్టే అతను తెలుసుకోవాలి. ఒక పాటకు అర్థం ఏమిటన్నది జతగాళ్ళిద్దరూ ముందే అనుకుని ఉంటారు.

ఆ పుస్తకంలో ఒక పేజీ అంచున పెన్సిలుతో తెలుగులో ఒక రాత ఉంది. అచ్చు పుస్తకం ఏమి చెబుతోందంటే, మొదటి పాటే రెండుతో మొదలుపెడితే ఆ చేయి ఆసులతో, రాజులతో నిండి ఉన్నట్టు లెక్క. దాని పక్కన గుండ్రటి అక్షరాలతో, తలకట్లన్నీ గీత గీసినట్టు ఒకే వరసలో నిలబెట్టి ఎవరో ఇలా రాశారు: "రెండు ఇస్పేట్లు అనగా నిండు చేయి. జతగాడు పాట ఆపరాదు. ఇట్లే ఆడవలెను."

ఆ ఆజ్ఞ చూసి నాకు నవ్వొచ్చింది. నాకు జతగాడే లేడు, నాలుగు చేతులూ నేనే పంచుకుని నేనే ఆడుకుంటున్నాను. అయినా ఎవరో నాతో మాట్లాడినట్టనిపించి, దాని కింద నా పెన్సిలుతో "సరే" అని రాసి, నా పేరు మొదటి అక్షరం వేశాను. లైబ్రరీ పుస్తకం మీద నేను చేసిన ఒకే ఒక్క తప్పు అది. ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ తర్వాత వేబ్రిడ్జి స్థలం కాగితాల పనిమీద యజమాని నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు పంపాడు. ఆఫీసు ఎదురుగా వరసగా దస్తావేజులు రాసేవాళ్ళ గదులు ఉంటాయి. అందులో ఒకాయన నా ముందే స్టాంపు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. మూడో వరసకి నేను కాగితం మీదికి వంగాను. అవే గుండ్రటి అక్షరాలు, అవే తలకట్లు.

"అన్నా, మీరు బ్రిడ్జి ఆడతారా?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఎవురు చెప్పిరి నీకు?"

"మీ చేతిరాతే చెప్పె. ఎర్ర పుస్తకం, వంతెనల బీరువా."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "లైబ్రరీ పుస్తకాల్లో గీకేవాణ్ణని ఈడ గట్టిగా చెప్పొద్దప్పా. ఈడంతా నన్ను మర్యాదస్తుడు అనుకుంటాండారు."

నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ముస్లిం. ఆ ఆఫీసు ముందర ఆయనంత చక్కటి తెలుగు రాసేవాళ్ళు లేరని అందరూ చెప్పేవాళ్ళు. చిన్నప్పుడు ఒక క్లబ్బులో గుమాస్తాగా ఉంటూ ఆఫీసర్లు ఆడుతుంటే చూసి ఆటమీద మోజుపడ్డాడు. పందెం కట్టి ఎన్నడూ ముక్క పట్టనని వాళ్ళమ్మకు మాటిచ్చాడు. ఆ మాట తప్పలేదు. మా వైపు పేకాట అంటే పోలీసులు జీపులో ఎక్కించుకుపోయే వ్యవహారం. అందుకే ఆయన ఎవరడిగినా "ఇది పేకాట కాదప్పా, లెక్కలు చేసుకునేది" అనేవాడు.

ఇద్దరం దొరికాం గానీ ఆటకు నలుగురు కావాలి. మిగతా ఇద్దరు అనంతపురంలో మాకు చిక్కలేదు. చాలా రోజులు ఆయన గదిలో, పని అయిపోయాక, ఇద్దరమే కూర్చుని పాటలు మాత్రం పాడుకునేవాళ్ళం. పెళ్ళివాళ్ళు లేకుండా మేళం వాయించినట్టు ఉండేది.

మాకు మిగతా ఇద్దరిని ఇచ్చింది నెట్ సెంటరు. రెండు వేల మూడు, నాలుగు నాటికి మా వీధిలో ఎస్టీడీ బూతు నడిపే ఒకామె బూతు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టింది. మధ్య మధ్య ప్లైవుడ్ అడ్డాలు. డిగ్రీ చదివిన మనిషి, మనసు మంచిదే గానీ నోరు పదునైంది. మేమిద్దరం వెళ్ళి పేకముక్కల ఆట ఉంటుందా అని అడిగితే మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసింది.

"పెద్దమనుషులు మీరు, ఇదేం బుద్ధన్నా?"

మా వాడు, అంటే నా దస్తావేజుల అన్న, లెక్కల సంగతి చెప్పాడు. ఆమె నమ్మలేదు గానీ వెతికిపెట్టింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కూర్చుని ఆడుకునే సైటు. అందులో ఆదివారం పొద్దున చిన్న పోటీ పెట్టే ఒక బృందం మమ్మల్ని చేర్చుకుంది. ఆదివారం వేబ్రిడ్జికీ రిజిస్ట్రారు ఆఫీసుకూ సెలవు. పదేళ్ళుగా లైబ్రరీలో తప్ప ఎక్కడా నా చదువును చూపించుకోలేని నాకు, తెర మీద నా జతగాడికి ఎదురుగా నా పేరు కనిపించిన ఆ మొదటి ఆదివారం పండగే.

ఆ సైటులో ఒక బొత్తాం ఉండేది, దాన్ని ఎలర్టు అంటారు. బ్రిడ్జిలో ఒక పెద్ద ధర్మం ఉంది. నా పాటకు అర్థం నా జతగాడికి తెలిస్తే, ఎదుటి జతకూ తెలియాలి. మామూలు కాని అర్థం ఏదైనా ఉంటే పాడినవాడే ఆ బొత్తాం నొక్కి, చిన్న పెట్టెలో అర్థం రాయాలి. అది ఎదుటివాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది, జతగాడికి కనిపించదు. ఈ నియమాలున్న ఇంగ్లీషు పేజీ మొత్తం నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది నేనే. చదివి మా వాడికి ధైర్యం చెప్పింది కూడా నేనే.

"మామూలు కానివి మన దగ్గర ఏం లేవన్నా. మనం ఆడేదంతా అచ్చు పుస్తకంలో ఉండేదే."

ఆ ఎర్ర పుస్తకం ఎంత పాతదో నేను చూసుకోలేదు. లోకం అంతా ఈలోపల మారిపోయింది. ఇప్పుడు మొదటి పాట రెండు ఇస్పేట్లు అంటే ఎక్కువమందికి అర్థం తలకిందులు. చేతిలో ఇస్పేట్లు ఆరు ఉన్నాయి గానీ పెద్ద ముక్కలు లేవు, ఎదుటివాళ్ళ దారికి అడ్డంగా కంప వేస్తున్నానని అర్థం. ఇది మాకు తెలియదు. బీరువాలో ఆ పుస్తకం ఒక్కటే ఉంది మరి.

అలా కొన్ని నెలలు ఆడాక ఒక ఆదివారం మా వాడు ఒకటో కంప్యూటరు ముందు, నేను రెండో దాని ముందు కూర్చున్నాం. మా వాడు రెండు ఇస్పేట్లు పాడాడు. నిండు చేయి. ఎదుటి జతలో ఒకతను కంప అనుకుని, దాన్ని దాటడానికి మూడు ఆఠీన్లు పాడాడు. పాడినన్ని పట్లు రాకపోతే నష్టం రెట్టింపయ్యేలా నేను డబుల్ అన్నాను. ఆయన నాలుగు పట్లు తక్కువపడి కుప్పకూలాడు. వెంటనే మా వాడిని అడిగాడు, రెండు ఇస్పేట్ల మీద మీ జతకున్న అగ్రిమెంటు ఏమిటని.

ప్లైవుడ్ అవతల నుంచి మా వాడి గొంతు వినిపించింది. "ఏమప్పా, మన ఇద్దరికీ ఏమన్నా అగ్రిమెంటు ఉండాదా అని అడగతాండాడు."

"ఏం అగ్రిమెంటు?"

"అదే నేనూ చూస్తాండా. పార్ట్‌నర్‌షిప్ అగ్రిమెంటు అంట. మనమేమన్నా రైసుమిల్లు పెట్టినామా?"

ఇద్దరం నవ్వుకున్నాం. మా వాడు ఒక్క వేలితో టైపు చేశాడు: "నో అగ్రిమెంట్. ఓన్లీ ఫ్రెండ్స్."

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అగ్రిమెంటు అంటే మా వైపు ఒకటే అర్థం. స్టాంపు కాగితం, రెండు పక్షాలు, ఇద్దరు సాక్షులు, కింద సంతకాలు. ముప్పై ఏళ్ళుగా రోజుకు నాలుగు అగ్రిమెంట్లు రాస్తున్న మనిషికి మరో అర్థం ఎలా తడుతుంది? కానీ బ్రిడ్జి లోకంలో 'నో అగ్రిమెంట్' అనేది ఒక ఖాయమైన జవాబు. ఈ పాటకు అర్థం ఏమిటో నా జతగాడికి కూడా తెలియదు అని దాని భావం.

తర్వాతి పంపకంలో నేను రెండు డైమన్లు పాడాను. నాదీ నిండు చేయే. ఈసారి వాళ్ళ రెండో మనిషి నడుమ దూరాడు, మా వాడు డబుల్ అన్నాడు, మళ్ళీ మూడు పట్లు తక్కువ. అంతే, పోటీ నడిపే పెద్దమనిషిని పిలిచారు. ఆయనను డైరెక్టరు అంటారు. ఆయన నన్ను విడిగా అడిగాడు, మీ ఇద్దరికీ రెండుతో మొదలయ్యే పాటల మీద అగ్రిమెంటు ఉందా అని. నేను నిఘంటువు చదువుకున్నవాణ్ణి కదా, ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. నేను కూడా లేదనే రాశాను. మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారా అని అడిగాడు. ఉన్నామని నిజం రాశాను.

కాసేపటికి ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. మేము ఇంతవరకు ఆడిన పంపకాలన్నీ ఆ సైటులో భద్రంగా ఉంటాయట. ఆయన అన్నీ తెరిచి చూశాడు. రెండుతో మొదలైన మా పాటల్లో ఒక్కటి కూడా బలహీనమైన చేయి కాదు. జతగాడు ఒక్కసారి కూడా పాట ఆపలేదు. మీకు అగ్రిమెంటు ఉంది, దాన్ని ఎదుటివాళ్ళ నుంచి దాచారు, అడిగితే లేదన్నారు, ఒకే గదిలో కూర్చున్నారు. వచ్చే ఆదివారం లోపల రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. లేకపోతే ఈ బృందంలో మీకిక చోటు లేదు.

నేను చదివి తెలుగులో చెబుతుంటే మా వాడి ముఖం మాడిపోయింది. లేచి చెప్పులేసుకున్నాడు.

"దాచినానంటాండాడా నేను? ముప్పై ఏండ్లు రాసినా. ఒక్క కాగితంలో ఒక్క మాట దాచినానని కోర్టులో కూడా ఎవురూ అన్లే. పందెం లేని ఆటలో దొంగనయితినా? వద్దప్పా. ఇంగ నేను ఆడేది ల్యా."

"అన్నా, సంజాయిషీ రాస్తే..."

"ఏంటికి రాసేది? లేని అగ్రిమెంటు ఉండాదని రాస్తే అది ఫోర్జరీ!"

నెట్ సెంటరు ఆమె తలెత్తి చూసింది. "లెక్కల్లో కూడా తన్నుకుంటారా అన్నా?"

మా వాడు వెళ్ళిపోయాడు. ఆయన మానుకుంటే నా ఆట కూడా అక్కడితో సరి. అనంతపురంలో నాకు మరో జతగాడు లేడు. ఉన్నా, పెన్సిలు రాత చూసి వెతుక్కున్న మనిషిని వదిలి మరొకరితో ఆడాలని అనిపించదు. ఆ వారమంతా లారీల తూకాలు రెండేసిసార్లు చూసుకోవాల్సి వచ్చింది.

బుధవారం సాయంత్రం లైబ్రరీకి పోయాను. పెద్ద నిఘంటువులో ఆ మాట తీశాను. మొదటి అర్థమే: ఇద్దరి మనసులు ఒక విషయం మీద కలవడం. స్టాంపు కాగితం ఎక్కడో కింద నాలుగో అర్థంలో ఉంది. నిఘంటువు అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను, ఇన్నేళ్ళు ఆ మాటను తీసి చూడాలని తోచలేదు. తెలిసిన మాటను ఎవరూ నిఘంటువులో వెతకరు. నా చదువు గర్వం ఆ బల్ల దగ్గర కొంచెం తగ్గింది. అప్పుడు లేచి వంతెనల బీరువా దగ్గరకు వెళ్ళాను. ఎర్ర పుస్తకం అక్కడే ఉంది. ఆ పేజీ తీశాను. ఆయన రాత, దాని కింద నా రాత. చాలాసేపు చూస్తూ నిలబడి, పుస్తకానికి ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం సెలవు అడిగి రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాను. మా వాడి గదిలో జనం ఉన్నారు. సోమందేపల్లె నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు తమ చేను ముదిగుబ్బవైపు మనిషికి అమ్ముతున్నారు. మా వాడు రాసిన దస్తావేజును వాళ్ళందరికీ పైకి చదివి వినిపిస్తున్నాడు. మా వైపు ఏ దస్తావేజైనా అలాగే, చదవకుండా సంతకాలు పెట్టించరు, వినిపించామన్న మాట చివర రాస్తారు కూడా. నన్ను చూసి చూడనట్టు చదువుతూ పోయాడు. హద్దుల దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ముల్లో పెద్దాయన తమ్ముడి వైపు చూసి ఒక చిన్న నవ్వు నవ్వాడు.

మా వాడు చదవడం ఆపాడు. "ఏమప్పా నవ్వుతాండావు?"

"ఏం లేదు సామీ. పడమటి గట్టు మీద బండిదారి మాది. అది మా ఇద్దరికీ తెల్సులే."

"ఇందులో ల్యా కదా."

"రాసేదేముండాది? మేం అన్నదమ్ములం మాట్లాడుకున్నాం."

మా వాడు కలం బల్ల మీద పెట్టేశాడు. "మీ ఇద్దరికీ తెలిస్తే అయిపోయెనా? మీరు అనుకున్నది కొనేవాడికి తెలియొద్దా? రేపు ఆయప్ప ఆ గట్టున కంచె వేస్తే, మాకు తెల్సులే అని కొట్లాడతారా? ఎదుటోడికి చెప్పకుండా ఇద్దరు అనుకునేదాన్ని ఏమంటారో తెల్సా?"

నేను ఆపుకోలేక నవ్వేశాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. మా వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకేమొచ్చె?"

"ఏం లేదన్నా. మీరు కానీండి."

ఆయన బండిదారి చేర్చి, మళ్ళీ మొదటి నుంచి చదివి, వేలిముద్రలు వేయించి వాళ్ళను పంపాడు. గది ఖాళీ అయ్యాక నేను ఎర్ర పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను.

"అన్నా, ఇది ఎవురి రాత?"

"తెల్సు కదా, నాదే."

"కింద 'సరే' అని ఉండాది, అది ఎవురిది?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని, పుస్తకాన్ని వెలుతురుకు తిప్పి, చాలాసేపు చూశాడు. "నీ పేరు అక్షరం మాదిరి ఉండాది."

"నాదే. మిమ్మల్ని చూడకముందు రాసినా."

"ఇన్ని దినాలు ఏంటికి చెప్పలే?"

"లైబ్రరీ పుస్తకం కదన్నా. సిగ్గాయె."

ఆయన వెంటనే దారికి రాలేదు. పెన్సిలుతో రాసింది చెల్లదన్నాడు. తేదీ లేదన్నాడు. సాక్షులు లేరన్నాడు. అంటూ అంటూనే గొంతు తగ్గిపోయింది. ఒకరు ఇట్లా ఆడాలని రాశారు, ఇంకొకరు సరే అని అక్షరం వేశారు. ఆయన వృత్తిలో దీన్ని ఏమంటారో ఆయనకు నేను చెప్పనక్కరలేదు. పుస్తకం మూసి కాసేపు దాని అట్ట నిమిరాడు.

"ఇంత దినం నేను చదివి వినిపించకుండా సంతకాలు పెట్టించినట్టాయె కదప్పా," అన్నాడు చివరికి. "ఆ మూడు ఆఠీన్లాయన పాపం, కంచె వేసుకున్నాడు. గట్టు మనది."

వీధి చివరి హోటలు నుంచి టీ తెప్పించాడు. టీ తాగుతూ తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. మొదటి పాట రెండు అంటే ఏమిటి, మూడు అంటే ఏమిటి, డబుల్ అంటే ఏ చేతితో అంటాం, అన్నీ రాద్దాం అన్నాడు. ఒక్క రెండుతో మొదలయ్యే పాటల సంగతి చాలన్నా, అన్నాను. వినలేదు. "మనకు తెల్సిందంతా ఎదుటోడికి తెలియాల. బండిదారి ఒకటి రాసి బావి వదిలేస్తామా?" నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఆయన దస్తావేజు ధోరణి ఎక్కడా వదలనివ్వలేదు. పై చెప్పిన ఇరువురమూ పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా తెలియజేయునది ఏమనగా, అని మొదలైంది. ఇస్పేటుకు నాలుగు హద్దులు రాయకపోవడమే తక్కువ. మా ఊళ్ళో అగ్రిమెంటు అన్న మాటకు అర్థం వేరని, అందువల్ల తప్పు జవాబు ఇచ్చామని, అది బుద్ధిపూర్వకం కాదని చివర్లో రాశాం.

శనివారం నెట్ సెంటరులో దాన్ని టైపు చేయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి రెండు పేజీలు మాయమయ్యాయి. ఆమె మళ్ళీ కూర్చుని తానే టైపు చేసిపెట్టింది.

"ఆట ఆడేదానికి ఇంత రాసేది ఉంటాదా అన్నా? నా పెండ్లికి కూడా ఇంత రాసుకోలే."

"సాక్షిగా నీ పేరు కూడా వేయమ్మా," అన్నాడు మా వాడు.

వేసింది. అంతేకాదు, ఇకమీదట ఒకరు ఒకటో కంప్యూటరు, ఇంకొకరు నాలుగోది అని తీర్పు చెప్పి, నడుమ తాను కూర్చుంటానని ఉత్తరం కింద ఒక వాక్యం చేర్చింది.

ఆదివారం ఎనిమిదింటికే పోయి నిలబడ్డాం. షట్టరు ఇంకా తెరవలేదు. మా వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, కోర్టుకు పోయేటప్పుడు వేసుకునేది. తెరిచాక కంప్యూటరు లేవడానికి చాలాసేపు పట్టింది. డైరెక్టరు జవాబు వచ్చి ఉంది.

నేను చదివాను. మీ వివరణ పూర్తిగా చదివాను, ఇంత వివరంగా ఎవరూ రాయలేదు, మీ మీద ఏ అనుమానమూ లేదు. ఆ రెండు పంపకాల ఫలితం మాత్రం మారుస్తున్నాను, అది ఎదుటివాళ్ళకు న్యాయం. ఇకమీద రెండు పాడినప్పుడల్లా బొత్తాం నొక్కి అర్థం రాయండి. కింద ఇంకో వాక్యం ఉంది. నా చిన్నతనంలో నేను కూడా రెండు ఇస్పేట్లను మీ అర్థంతోనే నేర్చుకున్నాను, దాన్ని ఇంకా ఎవరో ఆడుతున్నారంటే సంతోషంగా ఉంది.

"ఇంకోసారి చదువు," అన్నాడు మా వాడు.

చదివాను.

"దాచినారు అనే మాట తీసేసినాడా?"

"తీసేసినాడన్నా. ఏ అనుమానమూ లేదంటాండాడు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను బయటికి పోయి కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగి వచ్చాను. వారం రోజుల తర్వాత నీళ్ళకు రుచి తెలిసింది.

ఆ రోజు ఆడాం. ఆయన ఒకటో కంప్యూటరు, నేను నాలుగోది, నడుమ ఆమె. ఐదో పంపకంలో ఆయన రెండు ఇస్పేట్లు పాడాడు. ఏం రాస్తున్నాడో నాకు కనిపించదు. ఒక్క వేలితో టకటక చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. ముప్పై ఏళ్ళు పైకి చదివిన అలవాటు కదా, రాసేది పెదవుల మీదికి వచ్చేస్తోంది.

"అన్నా, గమ్మునుండు," అంది ఆమె. ఆయన నోటికి చేయి అడ్డం పెట్టుకుని మిగతాది టైపు చేశాడు.

ఎదుటివాళ్ళు ఈసారి నడుమ దూరలేదు. వినయంగా తప్పుకున్నారు. మేము నాలుగు ఇస్పేట్లకు పోయి, గెలవాల్సినన్ని పట్లే గెలిచాం. అందరికీ వచ్చిన మార్కులే మాకూ వచ్చాయి. మునుపు ఇలాంటి చేతికి మాకు రెండింతలు వచ్చేవి. అవి ఎక్కడి నుంచి వచ్చేవో ఇప్పుడు తెలిసింది కాబట్టి వాటి మీద బెంగ కలగలేదు.

ఆ సాయంత్రమే ఎర్ర పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఇచ్చే ముందు నా 'సరే'ను చెరిపేద్దామని రబ్బరు కూడా జేబులో పెట్టుకొచ్చాను. ఆ సంగతి చెబితే మా వాడు పుస్తకం లాక్కున్నాడు.

"అసలు పత్రం రుద్దేస్తావా? తిక్కోడా!"

అలాగే తీసుకెళ్ళి వంతెనల నడుమ పెట్టాను. కానీ అంతకు ముందు, ఆ పంపకం ముగిసిన వెంటనే జరిగింది ఒకటి చెప్పాలి. ఎదుటి జతలో ఒకతను తెర మీద అందరికీ కనిపించేలా, మీ వివరణకు కృతజ్ఞతలు, స్పష్టంగా ఉంది అని రాశాడు. నేను అది తెలుగులో పైకి చదివాను. ఒకటో కంప్యూటరు దగ్గర కుర్చీ కిర్రుమంది. మా వాడు లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, గది గదంతా వినిపించేలా తన ఆఫీసు గొంతుతో అన్నాడు:

"చదివి వినిపించగా విని, సమ్మతించినారు."